రాసుకోవడానికి తీసుకున్న స్టడీ రూమ్: నెల రోజుల అనుభవం

ఇంట్లో పని సాగక నెల రోజులకి ఒక స్టడీ సెంటర్‌లో సీటు తీసుకున్నాను. చేతిలో పెద్ద అనువాదం ఉంది. సగం కొత్తగా రాయాలి, సగం ముందు రాసింది దిద్దుకోవాలి. ఈ రెండిటికీ ఒకే గది పనికిరాదని అక్కడే అర్థమైంది.

మొదటి వారం గ్లాస్ క్యాబిన్‌లో కూర్చున్నాను. చూడ్డానికి చాలా బాగుంది, తలుపు వేస్తే బయటి చప్పుడు రాదు, కుర్చీ నడుముకి హాయిగా ఉంది, లైటింగ్‌కి వంక పెట్టలేం. కానీ మధ్యాహ్నం మూడు దాటేసరికి రోజూ తల మొద్దుబారిపోయేది, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతూ ఉండేదాన్ని. నిద్ర చాలడం లేదేమో అనుకున్నాను. ఐదో రోజు, మూసిన గదిలో మన ఊపిరి వల్ల పెరిగే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటర్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. కూర్చునేటప్పుడు 700 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 700 పాళ్లు) ఉన్నది, తలుపు వేసుకున్న రెండు గంటలకి 1,850 అయింది! బయటి గాలిలో ఇది 420, 430 దగ్గర ఉంటుంది. మేనేజర్‌కి చూపిస్తే "ఏసీ వేసే ఉంది కదండీ" అన్నారు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని లోపలికి తేదు, ఈ సంగతి గదులు అద్దెకిచ్చే వాళ్లకే తెలియకపోతే ఎలా? 2015లో వచ్చిన హార్వర్డ్ పరిశోధనలో 24 మంది ఉద్యోగుల ఆలోచనా శక్తిని పరీక్షిస్తే, 550 పీపీఎం దగ్గర వచ్చిన స్కోరు 1,400 దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోయింది. అన్ని పరిశోధనల్లోనూ ఇంత తేడా కనబడలేదు గానీ, నా తల మాత్రం ఆ మీటర్ చెప్పినట్టే నడిచింది.

రెండో వారం హాల్‌కి మారాను. ఎత్తైన సీలింగ్, తెరుచుకునే కిటికీలు, బయట చెట్లు. క్యాబిన్‌లో మూడు రోజులుగా "ఇంటి మీద ధ్యాస" అని రాసి కొట్టేస్తున్న చోట, ఇక్కడ కూర్చున్న గంటలోపే "బెంగ" అన్న మాట తట్టింది. రోజూ వాడే మాటే, అక్కడ ఎందుకు రాలేదో! సీలింగ్ 10 అడుగులుంటే మనసు విషయాలను కలుపుకుంటూ విశాలంగా ఆలోచిస్తుందని, 8 అడుగులుంటే ఒక్కో వివరం మీద నిలుస్తుందని 2007లో ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి చెప్పారు. నా విషయంలో అది అచ్చంగా నిజమైంది. అచ్చుతప్పులు దిద్దే రోజున మళ్లీ క్యాబిన్‌కే వెళ్లాను, తలుపు ఓరగా తీసి పెట్టుకుని, పని చకచకా అయిపోయింది.

హాల్‌లో ఇబ్బంది ఫోన్లే. ఫ్యాన్ల చప్పుడు, కాగితాల చప్పుడు కాసేపటికి వినబడవు, కానీ పక్క సీటులో ఎవరైనా స్పష్టంగా మాట్లాడితే ఆ మాటలు మన వాక్యంలోకి వచ్చేస్తాయి. ఫోన్ మాట్లాడటానికి విడిగా ఒక చిన్న గది ఇస్తే చాలు, ఇంకా ఇవ్వలేదు.

హాల్‌కి 5కి 4 ఇస్తాను, క్యాబిన్‌కి 2. హాల్‌లో కిటికీ పక్కన మూడో సీటు అడగండి, మొదటి రెండిటిలో సాయంత్రం ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది.