ఆఖరి స్థానం నుంచి: ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో నా హైదరాబాద్ ఎఫ్‌సీ

ముందే చెప్పేస్తా, ఇది బటన్లు నొక్కి గోల్ కొట్టే ఆట కాదు. ఫుట్‌బాల్ మేనేజర్‌లో బంతిని మనం ముట్టం. ఎవరిని ఆడించాలి, ఎవరిని అమ్మాలి, ఎవరి జీతం ఎంత, వారంలో ఏ రోజు ఏ ప్రాక్టీస్ పెట్టాలి, ఇవే మన పనులు. మ్యాచ్ మొదలయ్యాక గీత బయట నిలబడి చూడటం, అరవడం, సబ్‌స్టిట్యూట్‌ను దింపడం, అంతే. మా బాపు మొదటిసారి నా వెనక నిలబడి ఐదు నిమిషాలు స్క్రీన్ చూసి, "ఆడుతున్నవా, పద్దులు రాస్తున్నవారా?" అన్నాడు. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. స్క్రీన్ నిండా వరుసలు, అంకెలు, ఎర్ర రంగులో బాకీలు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

2024 వేసవిలో కొన్నాను. గేమ్‌లు కొనే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ లెక్కలో 700 గంటలు దాటింది. నేర్చుకోవడానికని మొదటి వారం ఒక ఇంగ్లండ్ జట్టుతో పడ్డ తిప్పలు తీసేస్తే మిగతాదంతా ఒకే సేవ్, అంటే దాచుకుంటూ కొనసాగించే ఒకే ఆట, హైదరాబాద్ ఎఫ్‌సీ. ఈ మధ్యలో 2025 ఎడిషన్ రద్దయింది, 2025 నవంబరులో 26 వచ్చింది. నేను ఇంకా 24లోనే ఉన్నా.

ఈ జట్టునే ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి. 2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోకి పుణె ఫ్రాంచైజీ స్థానంలో వచ్చింది. మొదటి సీజన్‌లో పది జట్లలో పదోది. ఆ తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెస్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. ఆ ఏడు ఐదో స్థానం. ఆ పై ఏడు, 2022 మార్చి 20న, గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా వాలీతో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1, కప్పు మనది. హన్మకొండలో మా రూమ్‌లో ఆరుగురం చూస్తున్నాం. మేం పెట్టిన కేకలకు ఏమైందోనని పక్క పోర్షన్ వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. ఐపీఎల్ ఇంకా మొదలు కాలేదు కదా అని వాళ్ల అనుమానం.

అలాంటి జట్టు 2023-24లో జీతాల గొడవల్లో కూరుకుపోయింది. ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, పట్టికలో అట్టడుగు. ఆ కసితోనే కొన్నాను ఈ గేమ్.

మొదటి సీజన్‌లో నేను చేసింది తెలివితక్కువ పని. పేరున్న విదేశీయులను, ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ల వాళ్లను పెద్ద జీతాలకు తెచ్చాను. మైదానంలో ఒకేసారి నలుగురికి మించి విదేశీయులు ఉండకూడదు. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్లే. ఆ ఏడుగురిని వదిలేసి, నలుగురి మీద జీతాల బడ్జెట్‌లో సగానికి పైగా పోశాను. అక్టోబరులో బాగానే ఉంది. జనవరికి ఇద్దరు తొడ కండరాలు పట్టుకుని కూర్చున్నారు. పన్నెండు జట్లలో పదకొండోది. నిజం ఐఎస్‌ఎల్‌లో ఆ ఏడు ఆఖరున నిలిచినా కింది లీగ్‌కు దింపడం లేదు. నా సేవ్‌లోనూ అదే నన్ను కాపాడింది. ఐరోపా లీగ్‌లో ఇదే పని చేసి ఉంటే క్లబ్ కిందికి, నేను ఇంటికి.

ఈ ఆటలో పడిపోయిన జట్టును లేపాలంటే ముందు చదవడం రావాలి. ఆటగాడి ఒక్కో నైపుణ్యానికి ఒకటి నుంచి ఇరవై దాకా అంకె ఉంటుంది. ఆటగాళ్లను చూసొచ్చే స్కౌట్ వెళ్లకముందు ఒక కుర్రాడి పాసింగ్ "8-14" అని కనిపిస్తుంది. అది ఎనిమిదైతే ఒక మనిషి, పద్నాలుగైతే ఇంకో మనిషి. స్కౌట్ నాలుగు వారాలు తిరిగొస్తే 11 అని తేలుతుంది. అంకెల పక్కన నక్షత్రాలు కూడా ఉంటాయి. కొత్తవాళ్లు మోసపోయేది వాటి దగ్గరే. నక్షత్రం అంటే మన జట్టులో ఉన్నవాళ్లతో పోల్చి అసిస్టెంట్ చెప్పే అభిప్రాయం మాత్రమే. నా జట్టు అంత బలహీనంగా ఉన్నప్పుడు దారిన పోయేవాడికి కూడా మూడున్నర నక్షత్రాలు వచ్చేవి. ఈ సంగతి తెలియడానికి నాకు ఒక సీజన్ పట్టింది. ఇప్పుడు నక్షత్రాల వైపు చూడను. పట్టుదల, కష్టపడే తత్వం, ఈ రెండు అంకెలు పదమూడు దాటాయా అని చూస్తా. తర్వాత వేగం. మిగతావి నేర్పుకోవచ్చు.

రెండో సీజన్‌లో అమ్మకం వచ్చింది. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క మంచి స్ట్రైకర్ పదకొండు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. వయసు ఇరవై తొమ్మిది. పెద్ద క్లబ్ ఒకటి మంచి ధర పెట్టింది. అమ్మితే గోల్స్ ఎవరు కొడతారు, అమ్మకపోతే జీతాలు ఎక్కడివి? రెండు రోజులు ఆ మెయిల్‌కు జవాబివ్వకుండా తిరిగాను. బాపు చాయ్ తాగుతూ ఏందని అడిగితే చెప్పాను. ఆయన ఫుట్‌బాల్ గురించి అడగలేదు. "వయసెంత? వచ్చే ఏడు గింత ధర పలుకుతడా?" అన్నాడు. పలకడన్నాను. "మిర్చికి ధరున్నప్పుడే కాంటా పెట్టాలె బిడ్డా. ఇంకా పెరుగుతదని కోల్డ్ స్టోరేజీల పెట్టినోళ్లు ఎంతమంది కిరాయి కూడ ఎల్లక ఏడ్చిన్రో నేను చూసిన."

అమ్మేశాను. వచ్చిన డబ్బులో కొంత జీతాల పద్దుకు మళ్లించి, ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లను నలుగురిని తెచ్చాను. ఆ సీజన్ తొమ్మిదో స్థానం. చూడ్డానికి ఏం గొప్పగా లేదు, కానీ జట్టు సగటు వయసు ఐదేళ్లు తగ్గింది. పాతవాడు కొత్త క్లబ్‌లో ఆ ఏడు మొత్తం కలిపి మూడు గోల్స్ కొట్టాడు. బాపుకు చెప్తే నవ్వలేదు, తల ఊపాడు.

ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అకాడమీ కుర్రాళ్ల కొత్త జట్టు చేతికొచ్చే రోజు. వాళ్లు నిజం మనుషులు కాదు, గేమ్ పుట్టించినవాళ్లు. ఎలాంటి పిల్లలొస్తారన్నది అకాడమీ సౌకర్యాలు, కోచింగ్ మీదే కాదు, యువజట్టు అధిపతిగా పెట్టుకున్న మనిషి స్వభావం మీద కూడా ఆధారపడుతుంది. కష్టజీవిని పెడితే కష్టపడే పిల్లలు వచ్చే అవకాశం ఎక్కువ. ఇది తెలిశాక జీతం ఎక్కువైనా సరే ఆ కుర్చీలో నిక్కచ్చి మనిషిని కూర్చోబెట్టాను. మూడో ఏడు ఒక పదహారేళ్ల లెఫ్ట్ వింగర్ వచ్చాడు. పేరు మాత్రం మొదటి సగం ఒక రాష్ట్రానిది, రెండో సగం ఇంకో రాష్ట్రానిది. ఇంట్లో వాడిని 17 నంబర్ అంటాం. సీనియర్లలో ఇద్దరు క్రమశిక్షణ ఉన్నవాళ్ల పక్కన మెంటరింగ్ గ్రూపులో వేశాను. ఏడాదిలో వాడి పట్టుదల రెండు అంకెలు పెరిగింది. పద్దెనిమిదేళ్లకు మొదటి పదకొండులో ఉన్నాడు.

డబ్బులేని జట్టుకు ఇంకో దారి కార్నర్లు. 24లో సెట్ పీస్‌లను, అంటే ఆట ఆగి మళ్లీ మొదలయ్యే కార్నర్లు, ఫ్రీకిక్‌ల లాంటివాటిని, కొత్తగా తయారుచేశారు, దానికోసం వేరే కోచ్‌నే పెట్టుకోవచ్చు. పొడుగాటి సెంటర్‌బ్యాక్‌ను దగ్గరి పోస్ట్‌కు పరుగెత్తించి, ఒకడిని గోల్‌కీపర్ ముందు అడ్డంగా నిలబెట్టాను. నాలుగో సీజన్‌లో మా గోల్స్‌లో మూడోవంతు అక్కడినుంచే. అందం లేదు, పాయింట్లున్నాయి. ఐదో స్థానం, మొదటిసారి ప్లేఆఫ్స్.

ఆ ప్లేఆఫ్ మ్యాచ్ కథ చెప్పక తప్పదు. కోల్‌కతాలో, 83వ నిమిషం, 1-0 మాది. కార్నర్ మీద వచ్చిన గోలే. రాత్రి పదకొండు, బయట ఈదురుగాలి. కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గు పీకితే ఆరిపోతుంది. ఆటోసేవ్ మ్యాచ్‌కు ముందుది. గంటన్నర తర్వాత కరెంటొస్తే అదే జట్టు, అదే వ్యూహం, మళ్లీ ఆడాను. 3-1తో ఓడిపోయాం. మూడోసారి ఆడొచ్చు, ఎవరడుగుతారు? ఆడలేదు. కానీ మర్నాడు హన్మకొండ చౌరస్తాలో కొత్త బ్యాటరీ వేయించాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. ప్రెస్ మీట్లు రెండో నెలకే విసుగొస్తాయి, అవే ప్రశ్నలు, అవే నాలుగు జవాబులు. అసిస్టెంట్‌కు అప్పగించేయండి. వ్యూహం మాటిమాటికీ మారిస్తే ఆటగాళ్లకు అలవాటు పోయి అడుగుకు పడతారు, ఓపికలేనివాళ్లకు ఇది కష్టం. భాషల్లో తెలుగు లేదు, ఇంగ్లిష్ చదవాల్సింది చాలా ఉంది. లాప్‌టాప్ మరీ కొత్తది అక్కర్లేదు, నాది 8 జీబీ ర్యామ్. ఇండియా లీగ్‌లు మాత్రమే ఎంచుకుని డేటాబేస్ చిన్నది పెట్టుకుంటే నడుస్తుంది. ఐరోపా లీగ్‌లన్నీ టిక్ పెడితే ఒక్కో రోజు గడవడానికి ఒక చాయ్ పడుతుంది. మ్యాచ్ ఆడి గోల్ కొట్టాలనుకునే మా కాజీపేట దోస్తుకు ఇది అస్సలు నచ్చలేదు. రెండు గంటలు చూసి, "అన్నా, బాల్ ఎప్పుడు తన్నాలె?" అన్నాడు. అలాంటివాళ్లు డబ్బు పెట్టొద్దు.

ఆరో సీజన్‌లో పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్ గెలిచాం. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది ఆ సంబరం, తర్వాత మెయిల్‌బాక్స్‌లో ఎప్పటిలాగే కాంట్రాక్టులు.

2025 అక్టోబరులో అసలు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. ఆ రోజు సాయంత్రం గేమ్ తెరిస్తే నా సేవ్‌లో 2030 జనవరి. శనివారం గచ్చిబౌలిలో చెన్నైతో మ్యాచ్. 17 నంబర్ కోసం ముంబై నుంచి ఆఫర్ వచ్చి ఉంది, ధర బాగుంది, వాడికి ఇరవై ఏళ్లు. బాపును పిలిచి చూపించాను. అద్దాలు పెట్టుకుని అంకె చదివాడు.

"వీడు మనూళ్ల పుట్టినోడేనా?"

"గేమ్‌ల పుట్టిండు బాపు."

"గంతే గదా," అని కాసేపు నిలబడ్డాడు. "ఉండనియ్యి."

తిరస్కరించు అన్న బటన్ నొక్కాను. పది నిమిషాల్లో 17 నంబర్ నుంచి మెయిల్, వెళ్లనివ్వలేదని అలిగాడట, మాట్లాడాలట.