మధ్యరకం హోటళ్లలో 12 ఏళ్లు: పెట్టె తెరవకముందు నేను చూసేవి

ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బిగించి, అక్కడి సిబ్బందికి వాటిని నడపడం నేర్పించే ఉద్యోగం నాది. 12 ఏళ్లుగా ఏడాదికి 80, 90 రాత్రులు హోటళ్లలోనే గడుస్తున్నాయి. రాత్రికి ఇంత అని కంపెనీ ఇస్తుంది. అది పెద్ద హోటల్‌కి చాలదు, అలాగని మరీ చౌక లాడ్జిలో ఉండాల్సిన అవసరమూ రాదు. మించితే నా జేబులోంచే పెట్టుకోవాలి. ఒంటరిగా వెళ్తాను, ఉదయం 7 గంటలకల్లా పనిలో ఉండాలి. అందుకని హోటల్లో నాకు కావలసినవి రెండే. రాత్రి నిద్ర పట్టాలి, తలుపు వేసుకున్నాక భయం ఉండకూడదు. ఈత కొలను, జిమ్, లాబీలో వేలాడే దీపాల గుత్తులు నేను లెక్కలోకి తీసుకోను. ఇది ఏదో ఒక హోటల్ మీద రాస్తున్న సమీక్ష కాదు, ఇన్నేళ్లు నేను పడుకున్న మధ్యరకం గదులన్నిటి గురించీ.

బుక్ చేసేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా సగం సంగతులు గదిలో అడుగుపెట్టాకే తెలుస్తాయి. అందుకే లోపలికి వెళ్లగానే పెట్టె తెరవను. పది నిమిషాలు అన్నీ చూసి, నచ్చకపోతే కిందికి ఫోన్ చేసి వేరే గది అడుగుతాను. మొదటి రెండేళ్లు అలా అడగడానికి మొహమాటం అడ్డొచ్చేది. అప్పుడు పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క ఫోనుతో తప్పేవి.

బుకింగ్ సంగతి ముందు. స్టార్ల లెక్క చూసి ఎంచుకోవడం ఎప్పుడో మానేశాను. స్టార్లు ఇచ్చే పద్ధతి దేశానికో రకంగా ఉంటుంది. పైగా అవి లిఫ్ట్ ఉందా, రిసెప్షన్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది లాంటి సదుపాయాలను లెక్కపెడతాయి. గోడ ఎంత పలచనో, పరుపు ఎన్నేళ్ల నాటిదో వాటిలో కనిపించదు. ఇంకో చిక్కు ఫొటోలు. వెడల్పు లెన్స్‌తో తీస్తే 120 చదరపు అడుగుల గది కూడా హాల్లా కనిపిస్తుంది. అందుకని గది వైశాల్యం అంకెల్లో రాశారా అని చూస్తాను. 150 చదరపు అడుగుల కన్నా తక్కువైతే పెట్టె నేలమీద పరిచి తెరవడానికే చోటుండదు. హోటల్ వాళ్ల ఫొటోలు పదిహేను ఉండి, ఒక్కదాంట్లోనూ కిటికీ లేకపోతే, ఆ గదికి కిటికీ లేనట్టే అనుకోవాలి, ఉన్నా పక్క భవనం గోడలోకి తెరుచుకునేదే అయి ఉంటుంది.

సమీక్షల్లో అయిదు మార్కులవీ ఒక మార్కువీ పక్కన పెట్టి, మధ్యలో రెండు మూడు మార్కులు వేసినవాళ్లు రాసింది చదువుతాను. అదీ గత మూడు నెలల్లో రాసిందే. కర్టెన్ రంగు బాగాలేదని ఒకరంటే వదిలేస్తాను. గదిలో ముక్కిపోయిన వాసన వస్తోందని ముగ్గురు వేర్వేరు నెలల్లో రాస్తే నమ్ముతాను. పక్కన కట్టడం పని జరుగుతోంది, మరమ్మతులు నడుస్తున్నాయి అన్న మాట కనిపిస్తే వేరే హోటల్ చూసుకుంటాను. ఉదయం ఆరింటికి డ్రిల్లింగ్ చప్పుడుతో లేచిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి.

డబ్బు విషయంలో మొదట కనిపించే రేటును నమ్మను. పన్నులు, సర్వీసు చార్జీలు కలిపి ఆఖరి పేజీలో వచ్చే మొత్తాన్నే పోల్చి చూస్తాను. ఊరి చివర చౌకగా దొరికే గది నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. రోజుకు రెండుసార్లు టాక్సీ ఎక్కితే మిగిలిందంతా దానికే పోతుంది, రాత్రిపూట ఆ ప్రయాణం టెన్షన్ వేరే. ఆఫీసులు ఎక్కువగా ఉండే పేటల్లో శని, ఆదివారాలు రేట్లు తగ్గుతాయి, సెలవుల్లో ఊరు చూడటానికి వెళ్లేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. చెక్ ఇన్ అప్పుడు కార్డు మీద డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. ఖాళీ చేశాక అది వదలడానికి కొన్ని రోజులు పడుతుంది. చేతిలో ఉన్న డబ్బును లెక్క చూసుకుని ఖర్చుపెట్టేవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఒక పని మాత్రం ఎప్పుడూ తప్పను. బుక్ చేసిన రోజు రాత్రి 11 దాటాక హోటల్‌కి ఫోన్ చేస్తాను. ఎవరైనా ఎత్తుతారా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఎత్తితే, గది మూడో అంతస్తు నుంచి ఆరో అంతస్తు మధ్యలో, వీధి వైపు కాకుండా వెనకవైపు, లిఫ్ట్‌కు దూరంగా ఇవ్వమని అడుగుతాను. రెండుసార్లు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, రెండు బుకింగులూ రద్దు చేసేశాను. అర్ధరాత్రి నాకేదైనా అయితే ఆ ఫోను ఎత్తేవాళ్లు కావాలి కదా. డబ్బు తిరిగి రాని చౌక రేటు నేను తీసుకోకపోవడానికి సగం కారణం ఇదే.

అంతస్తు లెక్క ఎందుకంటే, నేల అంతస్తులో కిటికీలోంచి ఎవరైనా రావచ్చు, మరీ పైనైతే మంటలప్పుడు కష్టం. చాలాచోట్ల అగ్నిమాపక దళం మామూలుగా వాడే నిచ్చెన 30 మీటర్ల దాకా అందుతుంది. 1980 నవంబరులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్లో మంటలు లేచి 85 మంది చనిపోయారు. మంట పుట్టింది కింద. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మంటకు చాలా దూరంగా, పై అంతస్తుల్లో పొగ పీల్చి పోయారు. ఈ సంగతి ఒక ఆసుపత్రిలో భద్రతా శిక్షణ ఇస్తున్నప్పుడు విన్నాను. ఆ రోజునుంచి గదిలోకి వెళ్లకముందే మెట్ల దారి వెతుక్కుని, నా తలుపు నుంచి అక్కడికి మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకుంటున్నాను. పొగలో కళ్లు కనిపించవు, గోడ తడుముకుంటూ వంగి పోవాలంటే ఆ లెక్కే దారి చూపిస్తుంది. ఆ తలుపు తెరిచి కూడా చూస్తాను. ఒక హోటల్లో మెట్ల తలుపుకు గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. దొంగతనాలు జరుగుతున్నాయని వేశారట. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, డబ్బు ముందే కట్టేశాను. అయినా పెట్టె తీసుకుని బయటికొచ్చేశాను. ఒక రాత్రి అద్దె పోయింది. మళ్లీ అలాంటిది ఎదురైనా అదే చేస్తాను.

ఇక తలుపు. నాకు బాగా తెలిసొచ్చింది దీనితోనే. ఆరేళ్ల కిందట ఒక హోటల్లో రాత్రి ఒంటిగంటకు తాళం దగ్గర టిక్కుమని చప్పుడై తలుపు తెరుచుకుంది. లోపల గొలుసు వేసి ఉండటంతో జానెడు మాత్రం తెరుచుకుని ఆగిపోయింది. బయట ఎవరో ప్రయాణికుడు, చేతిలో పెట్టె, నాకన్నా ఎక్కువ బెదిరిపోయాడు. రిసెప్షన్‌లో ఒకే గదికి ఇద్దరికి కార్డు చేసి ఇచ్చారు. వాళ్లు క్షమాపణ చెప్పారు, కానీ నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

కార్డు తాళం పడింది కదా అని ధీమాగా ఉండకూడదని అప్పుడే అర్థమైంది. 2012లో ఒక పరిశోధకుడు, ఎన్నో హోటళ్లలో వాడే ఒక రకం తాళాన్ని చేత్తో పట్టుకునే చిన్న పరికరంతో తెరిచి చూపించాడు. 2024 మార్చిలో ఇంకో రకం తాళాల్లో లోపం బయటపడింది. అవి 131 దేశాల్లో 30 లక్షలకు పైగా తలుపులకు ఉన్నాయి. ఆ తాళాల్లో లోపలినుంచి వేసుకునే గడియ కూడా ఎలక్ట్రానిక్స్‌తోనే ముడిపడి ఉండటంతో దాన్నీ తీయవచ్చని తేలింది. అందుకే తాళంతో సంబంధం లేని గొలుసో, అడ్డకడ్డీయో విడిగా ఉందా, దాని స్క్రూలు గట్టిగా ఉన్నాయా అని లాగి చూస్తాను. పక్క గదిలోకి తెరుచుకునే మధ్య తలుపు ఉంటే దాన్నీ తోసి చూస్తాను. తలుపు కింద దోపే రబ్బరు డోర్ స్టాపర్ ఒకటి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది, తేలికైనది, చౌక. దాన్ని చీకట్లో కూడా కాలితో లాగేయగలగాలి. మంటలప్పుడు అదే మనకు అడ్డం కాకూడదు.

రిసెప్షన్‌లో గది నంబరు నలుగురిలో గట్టిగా చెబితే వేరే గది ఇవ్వమంటాను, ఎవరూ కాదనలేదు. రాత్రి గదికి ఫోన్ చేసి ‘రిసెప్షన్ నుంచి, మీ బ్యాంకు కార్డు నంబరు మరోసారి చెప్పండి’ అంటే పెట్టేసి స్వయంగా కిందికి వెళ్లి కనుక్కోవాలి. అలా మోసం చేసేవాళ్లున్నారు. అల్మరాలో లాకర్‌ను నేను పెద్దగా నమ్మను. అతిథులు కోడ్ మరిచిపోతే తెరవడానికి సిబ్బంది దగ్గర వేరే మార్గం ఉంటుంది, కొన్నిచోట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడ్‌ను మార్చకుండానే వదిలేస్తారు.

నల్లుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఒకసారి ఇంటికి తెచ్చుకున్నాను. బాగా పేరున్న హోటల్, గది మెరిసిపోతోంది. వారం తర్వాత ఇంట్లో మోచేతి పొడవునా వరుసగా దద్దుర్లు లేచాయి. ఇంట్లోంచి నల్లులు పోవడానికి రెండు నెలలు పట్టింది. నల్లికి మురికితో పనిలేదు, మనిషి ఉంటే చాలు. పెరిగిన నల్లి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. ఇప్పుడు గదిలోకి రాగానే పెట్టెను బాత్రూమ్‌లో గచ్చుమీద పెట్టి, తలవైపు దుప్పటి లేపి, పరుపు అంచు కుట్టు వెంబడి ఫోన్ లైటు వేసి చూస్తాను. మంచం తలపలక వెనక సందులు కూడా. ఇంకుచుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే ఆ గదిలో ఒక్క నిమిషం ఉండను. పక్కగది కూడా తీసుకోను, గోడల సందుల్లోంచి అవి అటూ ఇటూ పోతాయి. ఇంటికొచ్చాక బట్టల్ని 60 డిగ్రీల నీళ్లలో ఉతుకుతాను, ఆ వేడికి గుడ్లు కూడా చస్తాయి.

తర్వాత ఏసీ ఆపి, ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడతాను. పడకగదిలో రాత్రి చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో 1999లో చెప్పింది. మధ్యరకం హోటళ్లలో అంత నిశ్శబ్దం నాకు ఎక్కడో గాని దొరకలేదు. లిఫ్ట్ మోటారు గరగర, వంటగది పొగగొట్టం ఫ్యాను హోరు, పక్కవాళ్ల టీవీ, ఇవి పగలు ఉన్నదానికన్నా రాత్రి రెట్టింపు వినిపిస్తాయి. ఈ హోటళ్ల మీద నా అతి పెద్ద ఫిర్యాదు ఇదే. కొత్త పెయింటు వేస్తారు, పెద్ద టీవీ తగిలిస్తారు, తలుపు కింద వేలెడు సందు మాత్రం అలాగే వదిలేస్తారు. చుట్టిన తువ్వాలు అక్కడ పెడితే చప్పుడు కొంత తగ్గుతుంది, ఇయర్ ప్లగ్స్ ఎలాగూ ఉంటాయి.

బాత్రూమ్ వాసన చూసి మాత్రం వెంటనే గది మార్చకండి. గది కొన్ని రోజులు ఖాళీగా ఉంటే నేల జాలీ కింద ఉండే నీళ్లు ఆవిరైపోయి, డ్రైనేజీ వాసన పైకి వస్తుంది. రెండు మగ్గుల నీళ్లు పోస్తే పావుగంటలో పోతుంది. అప్పటికీ పోకపోతే అడగాల్సిందే. వైఫై పేరును రిసెప్షన్‌లోనే అడిగి తెలుసుకుంటాను, అదే పేరుతో ఎవరైనా దొంగ నెట్‌వర్క్ పెట్టవచ్చు. బ్యాంకు పనులకు ఫోన్ డేటానే వాడతాను.

ఈమధ్య మా మేనకోడలు ఇంటర్వ్యూ కోసం మొదటిసారి ఒంటరిగా వెళ్లి, హోటల్ గదిలోంచి ఫోన్ చేసింది. ‘అత్తా, గొలుసు ఊడిపోయేలా ఉంది. మార్చమంటే ఏమనుకుంటారో’ అంది. ‘ఏమీ అనుకోరమ్మా, వాళ్లకిది రోజూ ఉండేదే. పెట్టె తెరిచావా?’ అన్నాను. లేదంది. ‘అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఒక్కదాన్నే ఉన్నానని మాత్రం చెప్పకు, గొలుసు పాడైందని చెప్పు చాలు’ అన్నాను. పావుగంటలో నాలుగో అంతస్తులో వెనకవైపు గది ఇచ్చారు.

నేను పదేపదే వెళ్లే హోటళ్లు మూడున్నాయి. మూడింటిలోనూ 40, 50 గదులకు మించి లేవు. లాబీ చిన్నది, సోఫాలు పాతవి. పరుపులు మాత్రం గట్టిగా, సమంగా ఉన్నాయి, తలుపులు బరువైనవి, మెట్ల దారిలో లైట్లు రాత్రంతా వెలుగుతాయి. ఒకదాంట్లో వేడినీళ్లు రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఇంకోదాంట్లో లిఫ్ట్‌లో ముగ్గురికి మించి పట్టరు. ఆ లోపాలతో నాకు ఇబ్బంది లేదు. పోయిన నెల వాటిలో ఒకదానికి రాత్రి 11 దాటాక అలవాటు ప్రకారం ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు.