ఎక్కడం కంటే ముందు దిగడం నేర్పిన పోల్ డాన్స్ క్లాసు

నాకు నలభై రెండేళ్లు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. పోల్ డాన్స్ బిగినర్స్ కోర్సులో చేరి, మొన్నటితో ఎనిమిది వారాలు పూర్తి చేశాను. చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు బట్టల సంగతి చెప్పాలి. నన్ను ఏడాదిపాటు ఆపింది అదే. షార్ట్స్ వేసుకోవడానికి మనసొప్పక మొదటిరోజు లెగ్గింగ్స్‌తో వెళ్లాను. టీచర్ ఏమీ అనలేదు. మూడో వారం, తొడల మధ్య పోల్‌ని నొక్కి పట్టుకుని గాల్లో కూర్చునే పోల్ సిట్ దగ్గరికొచ్చేసరికి నాకే అర్థమైంది: బట్ట జారుతుంది, చర్మం పట్టుకుంటుంది. అందుకే క్లాసున్న రోజు ఒంటికి నూనె, లోషన్ రాసుకోకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. ఒకరు దిగగానే పోల్‌ని స్పిరిట్‌తో తుడిచాకే ఇంకొకరు పట్టుకోవాలి. ఈ ఒక్క విషయంలో వాళ్లు ఏ రోజూ ఏమరలేదు.

పోల్ మందం 45 మిల్లీమీటర్లు. పోటీల్లో వాడేదీ ఇదే. కదలకుండా ఉండేది స్టాటిక్, మనతోపాటు తిరిగేది స్పిన్. మాకు ఎనిమిది వారాలూ స్టాటిక్ మీదే నేర్పారు. అది సరైన పనే. స్పిన్‌లో ఒంటిని పోల్‌కి దగ్గరగా లాక్కున్న కొద్దీ వేగం పెరుగుతుంది, కొత్తవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

మొదటి రెండు వారాలు కాళ్లు నేల వదల్లేదు. పోల్ పట్టుకుని నడక, చేతి మీద బరువు వేయడం, అంతే. చేయి పైకెత్తినప్పుడల్లా నా భుజం చెవి దాకా వచ్చేసేది. టీచర్ వెనక నిలబడి, భుజం ఎముక కింద రెండు వేళ్లు ఆనించి, "ఇక్కడి నుంచి కిందికి లాగండి, చెవికీ భుజానికీ మధ్య చోటు ఉంచండి" అనేవారు. ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నాలుగో వారం క్లైంబ్. ఒక పాదం మడిచి, దాని పైభాగాన్ని పోల్‌కి కొక్కెంలా తగిలించాలి. రెండో కాలి పిక్కని వెనక నుంచి ఆనించాలి. మోకాళ్ల మధ్య పోల్‌ని నొక్కి పట్టుకుని, చేతులతో లాక్కోకుండా, కాళ్ల మీద లేచి నిలబడాలి. ఒక్క మెట్టు ఎక్కగానే ఆపేసి దిగడం నేర్పారు. చేతులతో పోల్‌ని గట్టిగా పట్టుకుని తొడల పట్టు కొంచెం కొంచెంగా వదలాలి. సర్రున జారితే చర్మం కాలిపోతుంది. ఆ రోజంతా ఎక్కిన ప్రతిసారీ దిగడం మీదే సాధన. కింద మందపాటి క్రాష్ మ్యాట్ ఉన్నా దాన్ని నమ్ముకోనివ్వలేదు.

నొప్పి ఉంటుంది, దాచను. పోల్ సిట్‌లో తొడల లోపలి చర్మాన్ని గట్టిగా మెలిపెట్టి గిల్లినట్టుంటుంది. పాదాల మీదా తొడల మీదా చర్మం కమిలిపోతుంది. ఆరో వారానికి ఆ బాధ సగానికి తగ్గింది.

ఐదో వారం మా టీచర్ రాలేదు. బదులుగా వచ్చినావిడ, కాళ్లు విసిరి తలకిందులయ్యే ఇన్వర్ట్ చేయించారు. నేనూ విసిరాను. భుజం పట్టేసి పది రోజులు జడ వేసుకోలేకపోయాను. నిర్వాహకులకు చెబితే క్షమించమన్నారు, అక్కడితో సరి. తిరిగొచ్చిన మా టీచర్ మాత్రం నా దగ్గర కూర్చుని వివరించారు: పోల్ పట్టుకుని, విసరకుండా మోకాళ్లను ఛాతీ దాకా నిదానంగా తేగలిగాకే ఇన్వర్ట్ జోలికి వెళ్లాలట. ఇంకో లోటు, కదలని పోల్ చుట్టూ మనమే తిరిగే ఫైర్‌మన్ స్పిన్, చైర్ స్పిన్ రెండూ కుడివైపే నేర్పారు. ఎడమవైపు కూడా చేయిస్తేనే ఒళ్లు రెండు పక్కలా సమంగా బలపడుతుంది.

ఇది క్లబ్బుల్లో డాన్సర్లు పెంచిన విద్య అని మొదటిరోజే చెప్పడం నాకు నచ్చింది. 2017లో అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల సంఘం దీనికి పరిశీలక హోదా ఇచ్చిందని గర్వంగా చెబుతూనే, ఆ డాన్సర్ల పేరు పక్కకి నెట్టలేదు.

ఆఖరి క్లాసులో నాలుగు మెట్లు ఎక్కి, పైన పోల్‌కి చుట్టిన ఎర్ర టేపు తాకి, చప్పుడు లేకుండా మ్యాట్ మీద పాదం పెట్టాను. రెండో స్థాయికి పేరిచ్చాను. మా టీచర్ ఏ బ్యాచ్‌కి వస్తారో అడిగి మరీ.