అరిగిన స్పోర్ట్స్ కారు ఇంజన్: రింగుల పనా, పూర్తి బోరు పనా, పాత ఇంజనా – ఏది మేలు?

స్పోర్ట్స్ కారు ఇంజన్ అరిగిందని తేలాక యజమాని ముందు ముఖ్యంగా మూడు దారులుంటాయి. ఉన్న ఇంజన్‌నే విప్పి, సిలిండర్లను హోనింగ్ చేసి (లోపలి గోడలను రాతితో సన్నగా గీసి), పిస్టన్ల చుట్టూ కొత్త రింగులు, బేరింగులు వేసి తిరిగి బిగించడం మొదటిది. సిలిండర్లను పెద్ద సైజుకు బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసి, క్రాంకుకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసుకు) గ్రైండింగ్, హెడ్‌కు (సిలిండర్ల పైన బిగించే భాగానికి) వాల్వుల పని కూడా చేయించడం రెండవది. ప్రమాదంలో దెబ్బతిన్న మరో కారులోంచి తీసిన ఇంజన్‌ను కొని, సీళ్లు మార్చి ఎక్కించుకోవడం మూడవది. డబ్బుకు వెనుకాడనివారు రెండవ దారినే పడతారు, అందులో తప్పు లేదు. లెక్క చూసుకుని ఖర్చు పెట్టేవారు మాత్రం ఇంజన్‌ను కిందికి దించకముందే ఒకసారి, హెడ్ విప్పాక మరోసారి ఆగి ఆలోచించాలి. ఆ రెండు చోట్లా ఆగనివారే, రింగుల పనికని మొదలుపెట్టి, పూర్తి బోరు పనికి అయ్యేంత ఖర్చు పెట్టి, చివరికి రెండూ కాని ఇంజన్‌తో మిగులుతారు.

పోలిక గాలిలో సాగకుండా ఉండడానికి ఒక ఇంజన్‌ను ఎదురుగా పెట్టుకుందాం. మాజ్డా సంస్థ 1989లో తెచ్చిన ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారులోని 1.6 లీటర్ల ఇంజన్ ఈ చర్చకు చక్కగా సరిపోతుంది. నాలుగు సిలిండర్లు, 78 మి.మీ. బోరు (సిలిండరు వ్యాసం), 83.6 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 1,597 సీసీ. బ్లాకు (సిలిండర్లు ఉండే దిమ్మ) పోత ఇనుముది, హెడ్ అల్యూమినియంది, రెండు క్యామ్‌షాఫ్టులు, 16 వాల్వులు. లక్షల్లో తయారైన కారు కనుక విడిభాగాలూ దొరుకుతాయి, పాత ఇంజన్లూ దొరుకుతాయి. నేను చేతులు నల్లగా చేసుకున్నది ఈ ఇంజన్ మీదే.

అసలు ఇంజన్ అరిగిందా అన్నది మొదటి ప్రశ్న. ఆయిల్ తాగే ప్రతి ఇంజన్‌కూ బోరు పోయినట్టు కాదు. రాత్రంతా నిలిపి ఉంచి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు, లేదా యాక్సిలరేటర్ వదిలి పల్లంలో దిగి మళ్లీ తొక్కినప్పుడు ఒక్కసారి గుప్పున నీలిపొగ వచ్చి ఆగిపోతే, తప్పు చాలావరకు వాల్వు సీళ్లది (వాల్వుల వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి). వాటిని హెడ్ దించకుండానే మార్చవచ్చు. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వదలకుండా వస్తుంటే అప్పుడు రింగులను అనుమానించాలి. ఈ ఇంజన్ పైభాగంలో వినిపించే టకటక శబ్దం తరచుగా హైడ్రాలిక్ ట్యాపెట్లదే (ఆయిల్ పీడనంతో సర్దుకుంటూ వాల్వులను నొక్కే భాగాలదే) అయి ఉంటుంది. దాన్ని బేరింగు శబ్దంగా పొరబడి ఇంజన్ మొత్తం విప్పినవారిని చూశాను. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతే శబ్దం కింది నుంచి, బరువుగా, సుత్తితో కొట్టినట్టు వస్తుంది.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లో పీడనం ఎంత వస్తుందో కొలవడం. ఇంజన్‌ను వేడెక్కించి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టి స్టార్టర్ తిప్పాలి. ఈ 1.6 ఇంజన్‌కు ఆరోగ్యంగా ఉన్నప్పుడు సిలిండరుకు దాదాపు 190 పీఎస్ఐ (పీడనపు కొలమానం) వస్తుంది; 135కు దిగితే అది కనిష్ఠ హద్దు. అంకె తక్కువగా ఉన్న సిలిండర్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు పీడనం బాగా పెరిగితే లీకు రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర లేదా హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) దగ్గర. దీనికన్నా నమ్మకమైనది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను పై చివర నిలిపి సిలిండర్లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి: ఆయిల్ పోసే మూత దగ్గర సవ్వడి వస్తే రింగులు, సైలెన్సర్ గొట్టంలో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్లో బుడగలు వస్తే గాస్కెట్. ఒక్క సాయంత్రం పట్టే ఈ పనిలోనే కొందరికి మూడు దారుల అవసరమూ తప్పిపోతుంది.

రింగుల పని కాగితం మీద అన్నిటికన్నా చవక. చాలామంది దీనికే మొగ్గుతారు, చాలామంది దెబ్బ తినేదీ ఇక్కడే. కొత్త రింగు పనిచేయాలంటే అది కూర్చునే సిలిండరు గుండ్రంగా, పైనుంచి కిందికి ఒకే వెడల్పుతో ఉండాలి. వాడిన సిలిండరు అలా ఉండదు. పిస్టన్ పైకి వచ్చి ఆగి వెనుదిరిగే చోట ఆయిల్ పొర పలుచబడుతుంది, పేలుడు పీడనం పై రింగును గోడకేసి నొక్కుతుంది. అందుకే అరుగుదల అక్కడే ఎక్కువ. దానికి పైన, రింగు తగలని సన్నటి పట్టీ మాత్రం అరగకుండా మిగిలి, గోరు పెట్టి కిందినుంచి పైకి లాగితే తట్టుకునే గట్టులా నిలుస్తుంది. నా మొదటి ప్రయత్నంలో ఆ గట్టును కోయకుండానే కొత్త రింగులు వేశాను. పాత రింగు అంచు అరిగి గుండ్రబడి ఉంటుంది కనుక గట్టుకు తగలదు. కొత్త రింగు అంచు పదునుగా ఉండి నేరుగా ఢీకొడుతుంది. కొద్ది వారాలకే రెండవ సిలిండర్లో పై రింగు మూడు ముక్కలై, అది కూర్చునే పిస్టన్ గాడిని కూడా విరగ్గొట్టింది. మిగిల్చాననుకున్న డబ్బంతా ఒక పిస్టన్‌కూ, మరో గాస్కెట్ సెట్టుకూ పోయింది.

సిలిండరు వ్యాసం కొలవడానికి బోర్ గేజ్ అనే సాధనం అరువు తెచ్చుకోగలిగితే మంచిది. లేకపోతే ఒక పాత చిట్కా ఉంది. ఒక రింగును సిలిండర్లో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా పైభాగానికి నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (రకరకాల మందాల సన్నటి రేకులతో) కొలవాలి. తర్వాత అదే రింగును కిందికి నెట్టి మళ్లీ కొలవాలి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే వ్యాసంలో ఎంత తేడా ఉందో వస్తుంది. ఉదాహరణకు పైన సందు 0.46 మి.మీ., కింద 0.30 మి.మీ. ఉంటే, ఆ సిలిండరు పైభాగం సుమారు 0.05 మి.మీ. ఎక్కువ వెడల్పుగా ఉన్నట్టు. దాదాపు వెంట్రుక మందమంత ఉన్న ఈ తేడా వల్ల రింగు ప్రతి స్ట్రోకులోనూ విచ్చుకుని ముడుచుకుంటూ గోడకు పూర్తిగా ఆనుకుని ఉండలేదు. ఆ ఇంజన్‌కు తయారీదారు మాన్యువల్లో ఇచ్చిన హద్దు దాటి ఉంటే రింగుల పని అక్కడితో ఆపేయాలి. గోడ కోలగా మారిందా అన్నది మాత్రం ఈ చిట్కాతో తెలియదు. అందుకు గేజ్ తప్పదు.

హద్దులోపల ఉంటే మాత్రం ఇది ఎంచదగిన పనే. హోనింగ్ రాయి సిలిండరు గోడ మీద అడ్డదిడ్డంగా దాదాపు 45 డిగ్రీల కోణంలో గీతలు వేస్తుంది. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. గీతలు బాగా పడ్డాయని సంబరపడి కిరోసిన్‌తో తుడిచి బిగిస్తే రాతిపొడి గోడలోనే మిగిలి కొత్త రింగులను, బేరింగులను కొరికేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, ఆరాక ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డ మీద బూడిదరంగు మరక పడినంతకాలం మళ్లీ కడగాలి; నాకు ఐదోసారికి గాని గుడ్డ తెల్లగా రాలేదు. బేరింగు షెల్లుల్లో (క్రాంకు చుట్టూ ఉండే పలుచని రేకుల్లో) బూడిద రంగు పూత అరిగి రాగి రంగు బయటపడిందంటే షెల్లులు మార్చి, క్రాంకును కూడా కొలవాలి.

పూర్తి బోరు పని విషయానికి వస్తే, ఫలితంలో దీనికి సాటి లేదు. సిలిండరు మళ్లీ గుండ్రంగా, నిలువుగా ఉంటుంది, 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు కొత్తవి. ప్రతి క్లియరెన్సూ (భాగాల మధ్య ఖాళీ) మనకు తెలిసినదే. అయితే ఇందులో బోరింగ్ ఖర్చు చిన్న భాగం మాత్రమే. బ్లాకును కడిగించడం, పగుళ్లు చూడడం, హెడ్ ఉపరితలాన్ని చదును చేయించడం, వాల్వు గైడ్లు, క్రాంకు గ్రైండింగ్, దానికి తగిన అండర్‌సైజు షెల్లులు, ఆయిల్ పంపు, నీటి పంపు, టైమింగ్ బెల్టు, గాస్కెట్లు, ఇంజన్ కిందే ఉంది కదా అని క్లచ్చు – ఏ ఒక్కటీ విడిగా భారం అనిపించదు, అన్నీ కలిస్తే కారు విలువను మించుతాయి. నేను చూసిన ఏ అంచనా కూడా గాస్కెట్లూ బోల్టులూ కలిపి వేసిన అంచనా కాదు. పిస్టన్లు చేతికి వచ్చాక, వాటిని కొలిచి, వాటికి తగినట్టు బోరు కోయించాలే తప్ప, ముందే కోసి ఉంచి పిస్టన్లు తెప్పించుకోకూడదు. ఒక మిత్రుడి బ్లాకును వర్క్‌షాపువారు మామూలు పోత పిస్టన్ల లెక్కకు కోసేశారు. తీరా వచ్చినవి ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే ఒత్తిడితో మలచినవి. అవి వేడికి ఎక్కువ సాగుతాయి కనుక ఎక్కువ ఖాళీ అడుగుతాయి. బ్లాకు మళ్లీ మెషిన్ ఎక్కింది.

పాత ఇంజన్ కొనడం మీద చాలామందికి చిన్నచూపు ఉంది. లోపల ఏముందో తెలియని వస్తువు అన్న భయం న్యాయమైనదే. కానీ ఎదురుగా ఉన్న మన ఇంజన్ లోపల ఏముందో కూడా విప్పేదాకా తెలియదు. తేడా ఏమిటంటే, పాత ఇంజన్‌ను డబ్బు ఇవ్వకముందే పరీక్షించవచ్చు, నచ్చకపోతే వదిలేయవచ్చు. అది ఇంకా కారులోనే ఉండి తిరిగే స్థితిలో ఉంటే కంప్రెషన్ పరీక్ష చేయనివ్వమని అడగాలి. ఒప్పుకోకపోతే అదే సమాధానం. దించి ఉంటే ఆయిల్ ఫిల్టర్‌ను కోసి కాగితపు మడతలను వెలుతురులో విప్పి చూడాలి. మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు. వీలుంటే సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తీసి ఒక కనెక్టింగ్ రాడ్ క్యాపు విప్పి షెల్లును చూడడం ఇంకా మంచిది. మన ఉదాహరణలోని 1.6 ఇంజన్‌కు మరో పరీక్ష ఉంది: తొలి రోజుల ఇంజన్లలో క్రాంకు ముక్కు పొట్టిగా ఉండి, పుల్లీ బిగించే చోట, అది జారకుండా పట్టే కీ కూర్చునే గాడి సడలి పాడయ్యేది. ముందునుంచి చూస్తే ఆ క్రాంకు పుల్లీకి నాలుగు గాడులుంటాయి, 1991లో మార్చినదానికి ఎనిమిది ఉంటాయి. నాలుగు గాడులున్న ఇంజన్‌ను ఎంత చవకగా ఇచ్చినా నేను తీసుకోను.

కొన్న ఇంజన్ నేల మీద ఉండగానే వెనుక మెయిన్ సీలు, ముందు సీలు, క్యామ్ సీళ్లు, టైమింగ్ బెల్టు, నీటి పంపు మార్చేయాలి. నేల మీద అరగంటలో అయ్యే వెనుక సీలు పనికి, కారులో ఎక్కించాకైతే గేర్‌బాక్సు దించాలి. ఇంకో లాభం కూడా ఉంది. 1994 మోడల్‌తో ఇదే కారుకు వచ్చిన 1.8 ఇంజన్ (83 మి.మీ. బోరు, 85 మి.మీ. స్ట్రోకు, 1,839 సీసీ) అదే కుటుంబానికి చెందినది కనుక పాత గేర్‌బాక్సుకు కూర్చుంటుంది, దాని కంప్యూటర్, గాలి కొలిచే మీటరు, కొంత వైరింగు పని తోడైతే, రింగులకూ బోరింగుకూ పెట్టే ఖర్చుతో శక్తి కూడా పెరుగుతుంది. ఇంజన్ నంబరు మారితే కారు పత్రాల్లో ఏం చేయాలన్నది ముందే కనుక్కోవాలి.

ఈ లెక్క అన్ని కార్లకూ చెల్లదు. పోర్షే 944లోని 2.5 లీటర్ల ఇంజన్‌కు ఇనుప లైనర్లు లేవు. సిలికాన్ కలిపిన అల్యూమినియం గోడ మీదే పూత పూసిన పిస్టన్లు నడుస్తాయి. దాన్ని మామూలు హోనింగ్ రాయితో గీస్తే బ్లాకు చేతులారా పాడుచేసినట్టే. కనుక రింగుల పని అనే చవక దారి అక్కడ దాదాపు మూసుకుపోతుంది. పైగా దాని టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. ఎంఎక్స్-5 తొలి 1.6 ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులకు ఏమీ కాదు. మాజ్డా ఆర్‌ఎక్స్-7లోని రోటరీ ఇంజన్‌కైతే పిస్టన్లే లేవు, దాన్ని ఈ మూడింటితో తూచడం కుదరదు.

ఒకే మాట చెప్పమంటే, విస్తారంగా తయారైన ఇంజన్‌కు నేను పాత ఇంజన్‌నే ముందు వెతుకుతాను. సిలిండరు కొలతలు హద్దులో ఉన్నాయని అంకెలు చూపితేనే రింగుల పనికి ఒప్పుకుంటాను. అరుదైన కారు, అసలు ఇంజన్ నంబరు వల్లే విలువ ఉన్న కారు, టర్బో పెట్టదలచిన కారు – వీటికి పూర్తి బోరు పనే సరైనది. ఎక్కించాక పడే శ్రమలో కూడా తేడా ఉంది. పాత ఇంజన్‌ను మొదటిరోజు నుంచే మామూలుగా నడుపుకోవచ్చు. కొత్త రింగులు మాత్రం మొదటి గంటల్లోనే గోడకు కుదురుకోవాలి. భయపడి ఐడిల్ మీద (కారు కదలకుండా, ఇంజన్ మాత్రం నెమ్మదిగా) తిప్పుతూ కూర్చుంటే గోడలు నునుపెక్కి రింగులు ఎప్పటికీ కుదురుకోవు. మామూలు ఖనిజ ఆయిల్ పోసి, ఒక మోస్తరు భారంతో వేగం పెంచడం, యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ మీదే వేగం తగ్గనివ్వడం, తొలి ఆయిల్‌ను త్వరగా మార్చడం అవసరం.

నా కారు ఇప్పుడు కొన్న ఇంజన్ మీదే తిరుగుతోంది. అప్పట్లో రింగు విరిగిన అసలు ఇంజన్ స్టాండు మీద, టార్పాలిన్ కింద ఉంది. బ్లాకు కొలతలు 0.25 ఓవర్‌సైజుకు చాలినంత ఉన్నాయి. పిస్టన్లు వచ్చేశాయి, షెల్లులు రావాలి. కారు రోడ్డు మీదే ఉంది కనుక దీనికి తొందరేమీ లేదు.