వేడెక్కాక ఆగిపోయే పాత పెట్రోల్ కారుకు చవక ఓబీడీ స్కానర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యి, ఇంజన్ బాగా వేడెక్కాక మాత్రం నడిరోడ్డు మీద ఆగిపోయే పాత పెట్రోల్ కారు మీ దగ్గర ఉంటే, పార్టులు మార్చడం మొదలుపెట్టే ముందు ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు సాకెట్‌కి తగిలిస్తే ఇంజన్ కంప్యూటర్ చెప్పే అంకెల్ని ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొనండి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మాది రాయగడ. ఇంట్లో 2008 మోడల్ చిన్న పెట్రోల్ కారుంది. ఇటు పార్వతీపురంలో చుట్టాలిళ్లకీ, అటు లక్ష్మీపూర్ ఘాట్ ఎక్కి కొరాపుట్‌కీ అదే తిరుగుతుంది. స్కానర్ ఎప్పుడూ డాష్‌బోర్డు అరలోనే ఉంటుంది. దాంతో ఏం తేలుతుంది, ఏం తేలదు అన్నది ఇన్నేళ్ల వాడకంలో బాగా తెలిసింది.

ఈ జబ్బుతో వచ్చే చిక్కేంటంటే, బండి షెడ్డుకు చేరేసరికి చల్లారిపోయి శుభ్రంగా నడుస్తుంది. మెకానిక్ మాత్రం ఏం చూస్తాడు? "పంపు పోయుంటుంది బాబూ, మార్చేద్దాం, అప్పటికీ తగ్గకపోతే ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ చూద్దాం" అంటాడు. ఆయన తప్పేం లేదు, కళ్ల ముందు లేని జబ్బుకి అంతకంటే ఏం చెప్పగలడు. ఆగిన ఆ క్షణంలో ఏం జరిగిందో రాసిపెట్టేది ఒకటి కావాలి, స్కానర్ ఉపయోగమంతా అక్కడే.

కొనే ముందు మీ బండికి పలుకుతుందో లేదో చూసుకోండి. మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్నా, లోపల ఇంజన్ కంప్యూటర్ మాట్లాడే పద్ధతి కంపెనీకొకటి. సాకెట్‌లో టార్చి వేసి చూస్తే 7వ నంబర్ గాడిలో రేకు ఉంటే పాత కె-లైన్ పద్ధతి అనీ, 6, 14 గాడుల్లో ఉంటే కొత్త క్యాన్ పద్ధతి అనీ చాలావరకు చెప్పొచ్చు. నాది కె-లైన్. చవక స్కానర్లలో కొన్ని క్యాన్ బళ్లతో బాగానే కలుస్తాయి గానీ కె-లైన్ దగ్గర మొరాయిస్తాయి, కాబట్టి నచ్చకపోతే వాపసు తీసుకునే చోటే కొనండి. కె-లైన్ నెమ్మది కూడా. ఫోన్ యాప్‌లో పది రకాల రీడింగులు పెట్టుకుంటే ఒక్కో అంకె మారడానికి చాలాసేపు పడుతుంది, అందుకే నేను ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో), కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల) వేడి, బండి స్పీడు, ఈ మూడే పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి వదిలేస్తాను. ఫోన్ పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి, ఘాట్ మీద నడిపేవాళ్లు దాన్ని చూడకూడదు.

మా బండి కొరాపుట్ నుంచి వస్తూ ఘాట్ దిగుతుంటే గేర్‌లో ఉండగానే ఆగింది. తర్వాత గ్రాఫ్ తీసి చూస్తే కూలెంట్ 90 దాటి ఉంది, స్పీడు గీత నెమ్మదిగా దిగుతోంది, ఆర్‌పీఎం గీత మాత్రం దాదాపు 1800 నుంచి నిట్టనిలువునా సున్నాకి పడింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. బండి గేర్‌లో ఉంది, క్లచ్ తొక్కలేదు, చక్రాలు తిరుగుతున్నాయి. అంటే పెట్రోల్ అందినా అందకపోయినా చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి, ఆర్‌పీఎం సున్నా అవడానికి వీల్లేదు. అయినా కంప్యూటర్‌కి సున్నా కనిపించిందంటే, ఇంజన్ తిరుగుతోందన్న కబురే దానికి అందడం లేదన్నమాట. ఆ కబురు చెప్పేది క్రాంక్ సెన్సార్. ఆ కబురు తెగితే ప్లగ్గుకి కరెంటూ, పెట్రోల్ చల్లే ఇంజెక్టర్లకి పల్సూ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. పెట్రోల్ సరిగ్గా అందకపోతే అలా ఉండదు, బండి ముందు గుంజుతుంది, కుదుపులిస్తుంది, ఆర్‌పీఎం గీత కూడా స్పీడుతో పాటే మెల్లగా దిగుతుంది.

ఇంతా జరిగినా చెక్ ఇంజన్ లైటు వెలగలేదు, కంప్యూటర్ లోపాన్ని గుర్తించి దాచిపెట్టే నంబరు, అదే కోడ్, అది కూడా లేదు. చాలామంది "కోడ్ రాలేదు, స్కానర్ దండగ" అంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. క్రాంక్ సెన్సార్‌కి పీ0335 అనే కోడ్ ఉంది నిజమే, కానీ సిగ్నల్ పోగానే ఇంజన్ మామూలుగా ఆపేశారనుకుని ఊరుకునే పాత కంప్యూటర్లు చాలా ఉన్నాయి. కోడ్ కంటే గ్రాఫ్‌ని నమ్మండి. ఆగిన వెంటనే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. రెండు మూడు వందలు చూపిస్తే సెన్సార్ పని చేస్తోంది, ఇంజన్ తిరుగుతున్నా సున్నాలోనే ఉంటే అనుమానం గట్టిదే. బ్యాటరీ నీరసంగా ఉంటే మాత్రం సెల్ఫ్ కొట్టినప్పుడు స్కానరే ఆగిపోతుంది, అప్పటి సున్నాని లెక్కలోకి తీసుకోకండి.

అయితే సెన్సార్ చెడిందో, దాని వైరు తెగిందో స్కానర్ చెప్పలేదు. దానికి ఒక మామూలు మల్టీమీటర్ ఉండాలి. మా బండి సెన్సార్ రెండు వైర్ల రకం. చల్లగా ఉన్నప్పుడు దాని లోపలి తీగ రెసిస్టెన్స్ 900 ఓముల దగ్గర చూపించేది, వేడిగా ఆగిపోయినప్పుడు కనెక్టర్ పీకి చూస్తే మీటర్ అసలు కదల్లేదు, పూర్తిగా ఓపెన్, అంటే లోపల తీగ తెగినట్టే. తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచితే మళ్లీ రీడింగ్ వచ్చింది, బండీ స్టార్ట్ అయింది. వేడికి ఓములు కొంచెం పెరగడం జబ్బేం కాదు. రాగి తీగకి డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది, అంటే 60 డిగ్రీలు వేడెక్కితే 900 కాస్తా 1100 దాటుతుంది. మూడు వైర్ల సెన్సార్ అయితే చాలావరకు ఓములు చూసి ఏమీ తేల్చలేం, సిగ్నల్ వోల్టేజీ చూడాలి. సెన్సార్ మార్చేటప్పుడు దాని అయస్కాంతానికి అంటుకున్న ఇనుపరజను తుడిచి, కనెక్టర్ దగ్గర వైరు పెళుసెక్కిందేమో కూడా చూశాం. ఆ తర్వాత ఎండాకాలాల్లో కూడా ఘాట్ మీద బండి ఆగలేదు.

ఇదే స్కానర్‌తో మా బావగారి కారు చూస్తే కథ వేరు. అది ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబెట్టినప్పుడే ఆగేది, యాక్సిలరేటర్ తొక్కి కొడితే వెంటనే అందుకునేది. ఆర్‌పీఎం 500 కిందకి జారి జారి ఆగడం గ్రాఫ్‌లో కనిపించింది. ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ మసి తుడిస్తే సరిపోయింది. ఇంజన్ కాలిపోతున్నా కూలెంట్ వేడి 20 డిగ్రీలనో, మైనస్ 40 అనో చూపిస్తే వేడి సెన్సార్‌నీ దాని వైరునీ చూడండి, అప్పుడు పెట్రోల్ ఎక్కువ పోసి వాసన, నల్లపొగ వస్తాయి.

ట్యాంకులోని పెట్రోల్ పంపు జబ్బు స్కానర్‌కి దొరకదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద ఒకట్రెండు సెకన్లు జుయ్యిమనే చప్పుడు వస్తోందా అని చెవిపెట్టి వినాల్సిందే, ప్రెషర్ గేజి పెడితే ఇంకా మంచిది. పంపుని చల్లబరిచేది ట్యాంకులో పెట్రోలే కాబట్టి, ఎప్పుడూ రిజర్వులో తిప్పే బళ్లకి ఈ బాధ ఎక్కువ. కార్బొరేటర్ బళ్లు ఉన్నవాళ్లకి స్కానర్ ఎందుకూ పనికిరాదు, అసలు పెట్టే చోటే ఉండదు.

ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆగితే తాళం పూర్తిగా వెనక్కి తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడొచ్చు. బ్రేక్ తొక్కుడుకి బలమిచ్చే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ కొద్దిసార్లకే సరిపోతుంది, కాబట్టి పెడల్ పంపు చేయకుండా ఒకే తొక్కుడులో గట్టిగా పట్టి పక్కకు ఆపండి. ఇంటికొచ్చాక స్కానర్ సాకెట్‌లోంచి తీసేయండి, రోజుల తరబడి వదిలేస్తే పాత బ్యాటరీని తాగేస్తుంది.