కర్నూలులో జర్నలిజం డిగ్రీ అని ఫీజు కట్టించుకుంటున్నారా? రసీదు ఒకసారి తిప్పి చూడండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చేసినాయి. ఇంక కర్నూలు రాజ్‌విహార్ నుంచి బళ్లారి చౌరస్తా దాకా ఏ కరెంటు స్తంభం చూసినా అడ్మిషన్ల ఫ్లెక్సీలే. పిల్లల్ని బీఏ జర్నలిజంలో చేర్పిద్దామని తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది ఆఖరిదాకా చదవండి. పోయినేడు మేం మునిగినాం. కన్స్యూమర్ కమిషన్‌లో కేసు నడుస్తోంది కాబట్టి ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

నాది డోన్‌లో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. ‘100 శాతం ఉద్యోగ గ్యారంటీ’ అని ఎన్ని కాలేజీలకు నా చేత్తో నేనే ప్రింటు తీసిచ్చినానో లెక్కలేదు. అట్లాంటివాణ్ని, ఇంకొకడు కొట్టిన ఫ్లెక్సీ చూసి నమ్మినాను. నవ్వుకోండి పర్లేదు, మా బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతున్నాడు.

మా పాప ఇంటర్ సీఈసీ. ఇంటికొచ్చే పేపర్లో చిన్న ప్రకటనలు కూడా వదలకుండా చదివే రకం. జర్నలిజం తప్ప ఇంకోటి చదవనని కూర్చుంది. ఓఏఎండీసీలో, అంటే డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్లో, ఆప్షన్లు పెట్టేటప్పుడు రైలెక్కి పోయిరాగలిగిన దూరంలో ఉన్న కాలేజీల్లో జర్నలిజం మేజర్ మాకు కనబడలేదు. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు మనవల్ల కాదు. సరిగ్గా అప్పుడే దాని ఫోన్లో రీల్ వచ్చింది. కర్నూలులోనే రెగ్యులర్ బీఏ జర్నలిజం, సొంత స్టూడియో, సీట్లు కొన్నే.

పోయి చూసినాం. కింద చెప్పుల షాపు, పైన మూడో అంతస్తు. తలుపు తీయగానే స్టూడియో. పచ్చ గుడ్డ, స్టాండు మీద కెమెరా, డెస్కు మీద వరసగా మైకులు. మా పాపను ఆ డెస్కు వెనక కూర్చోబెట్టి ‘నమస్కారం, వార్తలకు స్వాగతం’ అనిపించినారు. కౌన్సెలర్ మేడమ్ దాన్ని వీడియో తీసి అక్కడికక్కడే నా వాట్సాప్‌కు పంపింది. ఆ వీడియో చేతిలో పెట్టుకుని ఏ తండ్రి బేరమాడతాడు చెప్పండి?

అయినా ఒక మాట అడిగినాను. ‘డిగ్రీ ఎవరిస్తారు మేడమ్?’ అంటే, ‘యూనివర్సిటీ ఇస్తుంది సార్, యూజీసీ గుర్తింపు ఉంది’ అని ఒక కాగితం చూపించింది. యూజీసీ అంటే యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ. ఆ కాగితం పక్క రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీది. ఆ గుర్తింపు నిజమే, కాగితమూ నిజమే. గుర్తింపు ఆ యూనివర్సిటీకి ఉంది, ఈ మూడో అంతస్తుకు లేదు. ఆమె అబద్ధమాడలేదు, నేనే ప్రశ్న సగంలో ఆపినాను. ‘మీ సంస్థకు ఆ యూనివర్సిటీతో సంబంధమేంది, ఆ కాగితం చూపించండి’ అని అడగాల్సింది.

సీటు బ్లాక్ చేయడానికి 10 వేలు, చేరేటప్పుడు 30 వేలు, కెమెరా కిట్ అని 12 వేలు, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ అని 4 వేలు. దసరా తర్వాత ఇంకో 25 వేలు కట్టాలన్నారు. ఒరిజినల్ టీసీ, ఇంటర్ మెమో తీసి పెట్టుకున్నారు.

క్లాసులు ఆగస్టులో మొదలైనాయి. పాప పొద్దున డోన్‌లో రైలెక్కి సాయంత్రం దిగేది. నేర్పింది ఏందంటే కెమెరా ముందు చేతులు ఎట్లా ఆడించాలి, రీల్‌కు మొదటి మూడు సెకన్లు ఎట్లా పట్టాలి. వార్త రాయించలేదు. ఒక్క పేపరూ తెప్పించేవాళ్లు కాదు. ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన సీనియర్ పాత్రికేయుడు రెండుసార్లు వచ్చి తన అనుభవాలు చెప్పి పోయినాడంట. ‘ఇంటర్న్‌షిప్’ కింద చీరల షాపు ఓపెనింగ్‌కు మైకు పట్టుకుని నిలబెట్టినారు. అదంతా వాళ్ల యూట్యూబ్ చానల్‌లో వచ్చింది, పైసలు ఎవరికి పోయినాయో నాకు తెలుసు, మా పాపకైతే రాలేదు. దసరా స్పెషల్ అని ఒక్కో పిల్లకు 5 వేల యాడ్ తీసుకురమ్మని టార్గెట్ పెట్టినప్పుడు నా ఉత్సాహం కొంచెం చల్లారింది. మన ఊళ్లలో విలేకరులకు యాడ్ టార్గెట్లు కొత్త కాదు, ఫ్లెక్సీలతోపాటు ఆ బాధలు కూడా మా షాపుకే వస్తుంటాయి. కానీ ఫీజు కట్టి చదివే పిల్లకు టార్గెట్టా?

అసలు గుట్టు బయటపడింది ఓటీపీ దగ్గర. సెప్టెంబరు ఆఖర్లో ఆఫీసు కుర్రాడు ఫోన్ చేసి, ‘నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పమ్మా, డెబ్ ఐడీ చేస్తున్నాం’ అన్నాడు. మా పాప ఓటీపీ చెప్పకుండా ‘డెబ్ అంటే ఏంది అన్నా?’ అని అడిగింది. ఫార్మాలిటీ అన్నాడు. ఆ సాయంత్రం మా షాపుకు రిటైర్మెంట్ ఫ్లెక్సీ కోసం వచ్చిన ఒక లెక్చరర్ సారును అడిగితే తల పట్టుకున్నాడు. డెబ్ అంటే డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో. 2024 సెప్టెంబరు నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ డిగ్రీ చేరేవాళ్లకు ఆ ఐడీ తప్పనిసరి. రెగ్యులర్ కాలేజీలో చేరే పిల్లకు దాంతో పనే లేదు. అంటే మా పాప రోజూ రైలెక్కి పోయి చదువుతున్నది, కాగితాల మీద ఇంట్లో కూర్చుని చదివే ఆన్‌లైన్ డిగ్రీ. అదే డిగ్రీకి యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో ఏడాది ఫీజు 20 వేల లోపే ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ దొంగ డిగ్రీ కాదు, చెల్లుతుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు మంచిదే. కానీ దాన్ని రెగ్యులర్ అని చెప్పి మూడింతలు లాగడం మోసం. పైగా యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఆ కోర్సులను ఫ్రాంచైజీకి ఇచ్చి నడిపించకూడదు.

నన్ను ఎక్కువ కొరికింది మాత్రం రసీదు. ఇంటికొచ్చి చూస్తే కాలేజీ అన్న మాటే లేదు, ఏదో మీడియా సర్వీసెస్ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ 18 శాతం. చట్టం గుర్తించే డిగ్రీ చదివించే కాలేజీ ఫీజుకు జీఎస్టీ ఉండదు, కోచింగ్ సెంటర్లకు ఉంటుంది. అంటే మేం కోచింగ్ సెంటరే అని వాళ్లే రాసిచ్చినారు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాణ్ని, మూడు నెలలు ఆ కాగితం బీరువాలో పెట్టుకుని చూసుకోలేదు.

కాబట్టి స్టూడియో చూసి మురిసిపోక ముందే ఈ పనులు చేయండి. కాలేజీ అంటే ఏ యూనివర్సిటీకి అఫిలియేషన్ (అనుబంధం) అని అడగండి. కర్నూలు, నంద్యాల వైపు మామూలుగా రాయలసీమ యూనివర్సిటీ, అనంతపురం వైపు శ్రీకృష్ణదేవరాయ, కడప వైపు యోగి వేమన. కర్నూలు టౌన్లో కొన్ని గవర్నమెంట్ కాలేజీలు క్లస్టర్ యూనివర్సిటీ కింద ఉన్నాయి. అఫిలియేషన్ కాగితంలో మీ పిల్ల చేరే కోర్సు పేరు, ఈ ఏడాది రెండూ ఉండాలి. కాలేజీకి ఐషే కోడ్ (కేంద్రం చేసే ఉన్నత విద్య సర్వేలో ఇచ్చే నంబరు) ఉంటుంది, సీ అక్షరంతో మొదలవుతుంది. వాళ్లు యూ అక్షరం కోడ్ చూపిస్తే అది యూనివర్సిటీది, వాళ్లది కాదు. ఓఏఎండీసీ లిస్టులో లేని కాలేజీ అయితే ఎందుకు లేదో గట్టిగా అడగండి. యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం యూనివర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే, మామూలు ఇన్‌స్టిట్యూట్ ఎంత మెరిసినా ఇవ్వలేదు. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు. డెబ్ ఐడీలు పిల్లలే సొంతంగా చేసుకోవాలి.

ఒరిజినల్స్ అసలు ఇవ్వొద్దు. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఒరిజినల్స్ చూసి తిరిగిచ్చేయాలనే ఉంది. అదే నోటిఫికేషన్‌లో ఫీజు వాపసు లెక్కలూ ఉన్నాయి. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానేస్తే దాదాపు మొత్తం, ఆ తర్వాత తేదీలోపు అయితే 90 శాతం, తేదీ దాటి 15 రోజుల్లోపు 80, 30 రోజుల్లోపు 50, ఆపైన ఏమీ రాదు. మా లాయరు ఆ నోటిఫికేషన్ చూసి, ‘అది కాలేజీలకు అన్నా, నీది కాలేజీనే కాదు కదా’ అన్నాడు. అందుకే కన్స్యూమర్ దారి పట్టినాం. ముందు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, తర్వాత లాయరు నోటీసు. నోటీసు అందిన వారానికి టీసీ, మెమో చేతికొచ్చినాయి. కట్టిన 56 వేలలో 15 వేలు ఇచ్చి దండం పెట్టినారు. మిగతా 41 వేల కోసం కమిషన్‌కు పోయినాం. కట్టింది 5 లక్షల లోపు అయితే అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు.

ఏడాది మాత్రం పోయింది. పాప ఇప్పుడు షాపులోనే నా పక్కన కూర్చుని శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో అచ్చుతప్పులు దిద్దుతోంది, ఒక్కో దానికి పది రూపాయలు లెక్కేసి తీసుకుంటోంది కూడా. ఈసారి ఓఏఎండీసీలో పొలిటికల్ సైన్స్ మేజర్‌కు ఆప్షన్ పెడుతుంది. ఆ లెక్చరర్ సారు చెప్పిందే. పీజీలో జర్నలిజానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుందంట. కడపలో యోగి వేమనలో ఉంది, ఆడపిల్లలకైతే తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలోనూ ఉంది. పేపర్లు నడిపే జర్నలిజం స్కూళ్లు కూడా డిగ్రీ అయినవాళ్లకు పరీక్ష పెట్టి తీసుకుంటాయి, తెలుగు బాగా రాస్తే చాలావరకు గట్టెక్కినట్టే.

ఆ చెప్పుల షాపు మీది మెట్లు ఎక్కినవాళ్లు ఇంకా ఉంటారు. మీ రసీదు మీద కూడా జీఎస్టీ ఉంటే పారేయొద్దు, ఆ కౌన్సెలింగ్ వీడియోలు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. వచ్చే నెల మా వాయిదా ఉంది, కలిసొస్తామంటే కింద చెప్పండి.