అనంతపురంలో ఇటలీ సాయంత్రం: చేదు కావలసిన చోట తీపి

అనంతపురంలో ఈ మధ్య తెరిచిన ఒక మేడమీది కెఫేలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ‘అపెరిటివో’ పేరుతో మద్యం లేని పానీయమూ చిరుతిండ్ల పళ్లెమూ కలిపి 250 రూపాయలకు ఇస్తున్నారు. రాత్రి భోజనానికి ముందు కాస్త చేదు పానీయం తాగి, ఉప్పటి తిండి కొద్దిగా నోట్లో వేసుకుని ఆకలి పుట్టించుకోవడం ఇటలీలో పాత అలవాటు. 1786లో ట్యూరిన్‌లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో మూలికలు కలిపిన వైన్‌ను వెర్మూత్‌గా అమ్మాడు. 1860లో గాస్పరే కంపారి తయారుచేసిన ఎర్రటి చేదు మద్యం, 1919లో పాదువాలో వచ్చిన అపెరోల్ అనే మరో చేదు మద్యం ఆ తరువాత ఈ వేళకు స్థిరపడ్డాయి. మద్యం ముట్టనివారికి అక్కడ 1960ల నుంచే క్రోడినో వంటి చేదు సోడాలు ఉన్నాయి కనుక, మద్యం లేదని ఈ కెఫేను తప్పుపట్టనక్కరలేదు.

తప్పుపట్టవలసింది తీపిని. గ్లాసు నారింజ రంగులో, మంచుముక్కలతో చూడముచ్చటగా వచ్చింది గాని, అందులో ఉన్నది నారింజ షర్బత్తూ సోడా మాత్రమే. చేదు తగిలితే నోరూరుతుందన్నదే ఈ అలవాటుకు మూలం. తీపి ముందే కడుపులో పడితే భోజనం మీదికి మనసు పోదు. చీనీతోటలకు పేరుపడ్డ జిల్లాలో ఆ కాయల తొక్కను కాసేపు రసంలో నానబెట్టి, క్వినైన్ ఉన్న టానిక్ వాటర్ కలిపితే కావలసిన చేదు వచ్చేది. ఈ మాటే చెబితే, చేదుగా ఉంటే ఎవరూ తాగరని సిబ్బంది మర్యాదగానే జవాబిచ్చారు. కాకరకాయ కారం అన్నంలో కలుపుకుని తినే ఊరి నాలుకను ఇంత తక్కువగా అంచనా వేయవలసిన పనిలేదు.

పళ్లెంలో ఆలివ్ కాయలు సీసాలోని ఉప్పునీటితోనే వచ్చాయి, కడిగి పెట్టవలసింది. చీజ్ కప్పిన పిజ్జా ముక్క, మయొనైజ్‌తో ఆలూ ఫ్రైలు ఎక్కువ బరువు. మిలాన్‌లో ఇటువంటి పళ్లేలు పెరిగి పెరిగి రాత్రి భోజనాన్నే మింగేసిన మాట నిజమే గాని, మొదటి పద్ధతి ఆలివ్‌లు, చిప్స్, దక్షిణ ఇటలీలోనైతే కరకరలాడే పిండి చుట్టలైన తరల్లి వంటి కొద్దిపాటి తిండే. అన్నిటికన్నా బాగున్నవి మిరియాలపొడి చల్లి వేయించిన వేరుశనగ పప్పులు. అవి ఇటలీ బార్లలోనూ గిన్నెల్లో పెడతారు, ఇక్కడి నేల పంట కూడాను. రెండోసారి అడిగినా విసుక్కోకుండా తెచ్చిపెట్టారు.

శనివారాల్లో ఏడు దాటితే గోడ పక్క బల్లలు దొరకవు. షర్బత్తు మానేసి నిమ్మకాయ సోడాలో ఉప్పు మాత్రమే వేయమంటే వేస్తారు, ధర మాత్రం తగ్గించరు.